ఎనిమిది వేల ఫోన్ చాలు.. కెమెరా ఏ ఎత్తులో పట్టుకున్నారన్నదే అసలు ముచ్చట

"అన్నా, యూట్యూబ్ ఛానల్ పెడదాం అనుకుంటున్నా. 20 వేల బడ్జెట్‌లో వీడియోకి ఏ ఫోన్ బాగుంటది?"

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కొందరైతే ఈఎంఐ మీద 40 వేల ఫోన్ కొనడానికి కూడా రెడీగా ఉంటారు. ఓఐఎస్ ఉందా, 4కే 60 ఎఫ్‌పీఎస్ ఉందా, ఫ్రంట్ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడుగుతారు. ఆ వీడియోలో ఏం చెప్పబోతున్నారని నేను తిరిగి అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఫోన్లు రివ్యూ చేసి బతికేవాడిని నేనే ఈ మాట అంటే వింతగా ఉండొచ్చు. అయినా చెప్తా. మామూలు మనిషికి పదిమందిలో గొంతు రావడానికి కొత్త ఫోన్ అక్కర్లేదు. మీ జేబులో ఇప్పుడున్నది చాలు. కానీ ఆ గొంతు మీదేనా, దాంతో మీరు ఎవరికైనా మేలు చేస్తున్నారా లేక ఎవరినైనా కొడుతున్నారా అన్నది ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. ఇవాళ రివ్యూ లేదు, స్కోర్ లేదు. మా ఊరి దిక్కు జరిగిన కొన్ని సంగతులు, వాటి మీద నా అభిప్రాయం, అంతే.

2016: నెల రోజుల తేడాలో రెండు మార్పులు

మాది కోనరావుపేట మండలం. ఒక పక్క వేములవాడ, ఇంకో పక్క సిరిసిల్ల. మగ్గాలు, వరి, బీడీలు, గల్ఫ్.. మా దిక్కు బతుకుదెరువు గురించి చెప్పాలంటే ఈ నాలుగు మాటలు చాలు. నేను చదువుకునే రోజుల్లో మా ఊరు పేపర్‌లో రావాలంటే యాక్సిడెంట్ అయినా కావాలి, ఎలక్షన్ అయినా రావాలి. అది కూడా జిల్లా ఎడిషన్‌లో ఒక మూలకు.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. అంతకుముందు ఒక జీబీ డేటాకి దాదాపు రూ. 250 పెట్టేవాళ్లం. ఆ లెక్కన ఒక వీడియో అప్‌లోడ్ చేయడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. తర్వాత నెలల తరబడి డేటా ఉచితం. అదే ఏడాది అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరుపడ్డాయి. కలెక్టర్ ఆఫీసు దగ్గరికి వచ్చింది, నెట్ చేతికి వచ్చింది. ఈ రెండింటిలో మా ఊరి జనం ఎక్కువగా వాడుకున్నది ఏదో మీరే ఊహించుకోండి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కెమెరా ఉన్న ఫోన్లు మా దగ్గర 2016కి ముందు కూడా ఉన్నాయి. పెళ్లి వీడియోలు, బోనాల వీడియోలు మెమరీ కార్డుల్లో ఉండేవి. బ్లూటూత్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేవి. ఊరు దాటేవి కావు. ఆ కెమెరాలకి అప్పటిదాకా దొరకనిది చవకైన అప్‌లోడ్. సామాన్యుడి గొంతు గురించి మాట్లాడేటప్పుడు మనం లెన్స్‌ని పొగుడుతాం కానీ, అసలు పని చేసింది సిమ్ కార్డు.

లంబాడిపల్లిలో ఏం జరిగింది?

వేములవాడ మీదుగా కొండగట్టు దిక్కు పోతే జగిత్యాల జిల్లా మల్యాల మండలం వస్తుంది. ఆ మండలంలో లంబాడిపల్లి అని చిన్న ఊరు. మై విలేజ్ షో పుట్టింది అక్కడే. శ్రీరాం శ్రీకాంత్ దాన్ని 2012లో మొదలుపెట్టారు. అంటే జియో కంటే నాలుగేళ్ల ముందు. అప్పట్లో పల్లె నుంచి ఒక వీడియో ఎక్కించడం ఎంత తలనొప్పో ఆ కాలం నెట్ వాడినవాళ్లకు చెప్పక్కర్లేదు.

వాళ్లు తీసింది ఏంటి? పల్లెలో జరిగేదే. కల్లు తాగే ముచ్చట్లు, పెళ్లి చూపులు, బస్సు ప్రయాణం, ఎలక్షన్ల హడావుడి, అత్తాకోడళ్ల పంచాయితీ. సెట్ లేదు, మేకప్ లేదు. ఇంటి ముందు వాకిలే సెట్. మాట్లాడేది కూడా ఇంట్లో మాట్లాడే భాషే.

మిల్కూరి గంగవ్వ ఆ వీడియోల్లోంచే అందరికీ తెలిసింది. కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లల్ని సాకిన మనిషి. కెమెరా ముందు కూర్చొని ఆమె తిట్టినా, నవ్వినా, సామెత వేసినా అది నటనలా అనిపించదు. మన వాడలో ఏదో ఇంటి ముందు రోజూ వినే మాటే. 2019లో ఆమె 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కి పోయింది. అక్కడ ఒంట్లో బాగాలేక మధ్యలోనే బయటికి వచ్చేసింది. ఊళ్లో సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆమె కోరిక నాగార్జున సాయంతో తీరింది. అరవైకి దగ్గరపడ్డ ఒక కూలి మనిషికి సినిమావాళ్లు ఊరు వెతుక్కుంటూ రావడం అంతకుముందు మనం చూడలేదు.

ఇంకో ముచ్చట. 2018లో కీకీ ఛాలెంజ్ గుర్తుందా? నడుస్తున్న కారులోంచి దిగి డ్రేక్ పాటకి స్టెప్పులేయడం. దేశమంతా పోలీసులు వద్దని హెచ్చరికలు ఇస్తున్నారు. అప్పుడు ఈ లంబాడిపల్లి టీమే ఆ పాటకి పొలంలో డాన్స్ చేసింది. కారు లేదు. బురద మడిలో రెండు ఎద్దులు దున్నుకుంటూ పోతుంటే, వాటి పక్కనే గీల అనిల్, ఇంకో రైతు స్టెప్పులేశారు. అది ప్రపంచమంతా తిరిగింది. అమెరికా టీవీ హోస్ట్ ట్రెవర్ నోవా కూడా షేర్ చేశాడు. కార్లున్నోళ్లు చేసిన వేల వీడియోల మధ్య జనానికి గుర్తుండిపోయింది ఎద్దుల వీడియో. ఆ వీడియో ఏ కెమెరాతో తీశారని ఎవరూ అడగలేదు.

"వీడు మనోడు కాదురా"

ఇది నాకు లెక్కల్లో కాదు, అనుభవంలో అర్థమైంది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చేరిన మొదటి నెలలో ఒక సెమినార్‌లో "గట్ల గాదు సార్" అన్నా. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నోరు తెరిచేముందు మనసులో ప్రతి మాటనీ 'శుద్ధి' చేసుకోవడం అలవాటైంది. మా తరంలో చాలామందికి ఈ అలవాటు ఉంది. సినిమాల్లో మన యాస మాట్లాడేది అయితే కమెడియన్, లేకపోతే రౌడీ. హీరో మాత్రం పుస్తకంలోంచి వచ్చినట్టే మాట్లాడాలి. ఈ సంగతి మనకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. చూసి చూసి నేర్చుకున్నాం.

నేను మొదటి ఫోన్ రివ్యూ వీడియో తీసి ఇంట్లో చూపిస్తే మా నానమ్మ రెండు నిమిషాలు చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "గట్లెందుకు మాట్లాడుతున్నవ్‌రా? టీవీల వార్తలు సదివినట్టు. వీడు మనోడు కాదురా" అన్నది. నా సొంత వీడియోలో నన్ను నానమ్మ గుర్తుపట్టలేదు! అదే నానమ్మ గంగవ్వ వీడియో పెడితే ఆపకుండా చూస్తది, మధ్యమధ్యలో ఫోన్‌కే జవాబు చెప్తది.

2023లో మన సిరిసిల్ల మనిషి వేణు ఎల్దండి 'బలగం' తీస్తే ఊళ్లల్లో తెరలు కట్టుకొని చూశారు కదా. ఆ సినిమాలో చావింటి దగ్గర మాట్లాడిన భాషని జనం తప్పు పట్టలేదు, ఏడ్చారు. అప్పటికే యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి ఆ భాష విని విని చెవులు అలవాటు పడ్డాయి. వెండితెర కంటే ముందు ఆరంగుళాల తెర మీదే మన యాసకి మర్యాద దొరికిందని నేను గట్టిగా నమ్ముతా.

సరే, యాస ఉన్నంత మాత్రాన ఛానల్ నడుస్తుందా అంటే, నడవదు. యాసని అమ్ముడుపోయే సరుకులా చేసి, ప్రతి వాక్యంలో బూతు ఇరికించి, అదే తెలంగాణ అనే ఛానళ్లు కూడా బోలెడు ఉన్నాయి. అది కూడా ఒక రకం వేషమే. మనం ఇంట్లో మాట్లాడనిది కెమెరా ముందు మాట్లాడితే, అది వార్తల భాషైనా బూతుల భాషైనా, రెండూ మనవి కావు.

ఎడారిలో ఫ్రంట్ కెమెరా

మా మండలంలో గల్ఫ్‌కి మనిషి పోని వాడ దొరకడం కష్టం. కోరుట్ల, జగిత్యాల దిక్కు కూడా అంతే. మా ఇళ్లల్లో వీడియో అంటే ముందు గుర్తొచ్చేది యూట్యూబ్ కాదు, ఇమో కాల్. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి ఆ యాప్ మా ముసలోళ్లకు కూడా తెలుసు. పండగనాడు ఫోన్‌ని గోడకి ఆనించి, అటు క్యాంపు రూమ్‌లో ఆయన, ఇటు వాకిట్లో పిల్లలు.

ఆ ఫ్రంట్ కెమెరాకే ఇంకో పని కూడా వచ్చింది. పాస్‌పోర్టు గుంజుకున్నారని, చెప్పిన పని ఒకటి పెట్టిన పని ఒకటని, జీతం ఇస్తలేరని సెల్ఫీ వీడియో తీసి ఊరికి పంపడం. మీరు కూడా వాట్సాప్‌లో ఇలాంటివి చూసే ఉంటారు. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఒకాయన కువైట్ ఎడారిలో జీవాలు మేపే పనిలో ఇరుక్కుపోయి, ఏడుస్తూ ఒక వీడియో పెట్టాడు. మంత్రి నారా లోకేశ్ స్పందించారు, ఎంబసీ కదిలింది, కొద్ది రోజుల్లోనే ఆయన ఇంటికి చేరాడు. అంతకుముందు సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు కూడా ఇలా ట్విట్టర్‌లో చూసి సాయం చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆ వీడియోల్లో లైటింగ్ ఉండదు, ఫ్రేమ్ ఉండదు. గాలి హోరులో సగం మాట వినపడదు. కానీ ఒక మనిషి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది. కెమెరా ఫోన్‌కి నేను ఇచ్చే పదికి పది మార్కులు అలాంటి వీడియోకే.

ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, గల్ఫ్ దేశాల్లో వేరేవాళ్లని వీడియో తీసి నెట్‌లో పెట్టడం పెద్ద నేరం. యజమానిని, క్యాంపుని చూపిస్తూ తీస్తే సాయం రావడానికి ముందే కేసు రావొచ్చు. మీ ముఖం, మీ మాట చాలు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఉన్న చోటు వీడియోలో అందరికీ చెప్పకుండా, ఇంట్లోవాళ్లకి విడిగా రాసి పంపాలి. రెండోది, వైరల్ అయిన ఒక్కరి వెనక వైరల్ కాని వాళ్లు ఎంతమందో ఉంటారు. బాగా ఏడ్చినవాళ్లకే న్యాయం జరిగే పద్ధతి న్యాయం కాదు. 2015 నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. వీడియోతో పాటు అక్కడ ఫిర్యాదు కూడా నమోదు చేయండి. వీడియో నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు, ఫిర్యాదు నంబరు మాత్రం ఫైల్‌లో ఉంటుంది.

మా చిన్నాయన 47 సెకన్లు

ఇప్పుడు నేను చెప్పడానికి కొంచెం సిగ్గుపడే ముచ్చట.

కొన్నేళ్ల కింద శివరాత్రికి ఇంటికి పోయా. యాసంగి వరి పొట్ట మీద ఉంది. మా పొలాల కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలి నాలుగు రోజులైంది. మోటర్లు బంద్. ఆఫీసుకి పోతే రేపు అంటున్నారు. నా దగ్గర రివ్యూ కోసం వచ్చిన ఖరీదైన ఫోన్ ఉంది, గింబల్ ఉంది. ఇంకేం, పొలం గట్టు మీద నడుచుకుంటూ, "స్థానిక రైతులు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అని 4కేలో మూడు నిమిషాల వీడియో తీసి పెట్టా. రెండు వందల వ్యూస్ వచ్చాయి. అందులో సగం మా కాలేజీ ఫ్రెండ్స్.

మా చిన్నాయన నా వీడియో చూసి ఏమనలేదు. తన ఎనిమిది వేల ఫోన్ పక్కింటి పిలగానికి ఇచ్చి, మడిలోకి దిగి, ఎండిన మట్టి పెళ్ల చేతిలోకి తీసుకున్నాడు. "సారూ, నాలుగు రోజులాయె. మడి నెర్రెలు బాసింది. మీ ఇంట్ల పొయ్యి మీది బువ్వ మాడిపోతాంటే గిట్లనే రేపు అంటరా?" అని అడిగాడు. మొత్తం 47 సెకన్లు. మొదటి టేక్ గాలికి వినపడలేదు. మోటర్ షెడ్డు గోడ చాటుకి పోయి రెండోసారి తీశారు. రాత్రికల్లా చుట్టుపక్కల మండలాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మర్నాడు సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ. కానీ ఆ వీడియోకి ఒక తోక ఉంది. మర్నాడు పొద్దున లైన్‌మన్ వచ్చినప్పుడు జనం చుట్టూ మూగారు. అదే పిలగాడు ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి పైనుంచి తీశాడు. ఫ్రేమ్‌లో మధ్యలో లైన్‌మన్, తల కిందికి వేసుకొని ఉన్నాడు. చుట్టూ చేతులు చూపిస్తూ మనుషులు. ఎవరో ఆ పది సెకన్లు కత్తిరించి, మ్యూజిక్ పెట్టి, కింద ఒక తిట్టు రాసి వదిలారు. చిన్నాయన వీడియో కంటే అది ఎక్కువ తిరిగింది. నేను కూడా ఒక గ్రూపులో ఫార్వర్డ్ చేశా. నవ్వే ఎమోజీ పెట్టి మరీ.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం లైన్‌మన్ చేతిలో ఉండదు. అది పైనుంచి రావాలి. ఆయన మూడు రోజులుగా పైకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆయన బిడ్డని బళ్లో పిల్లలు ఆ వీడియో చూపించి ఏడిపించారు. చిన్నాయన ఇంటికి పోయి మాట్లాడితే ఆయన ఒక్కటే అన్నాడట. "నా ముఖమైతే అందరికి కనబడ్డది అన్నా. నేను ఫోన్లు చేసింది ఎవ్వరికి కనబడలే."

రేపు రేపు అన్న ఆఫీసు ఏ వీడియోలోనూ లేదు. అందులో కనిపించింది మన పక్కనే ఉండే ఇంకో మామూలు మనిషి. గొంతు లేనోళ్లకి గొంతు వచ్చిందని సంబరపడే మనం, అదే గొంతుతో ఇంకో గొంతు లేనోణ్ణి తొక్కాం. నేను ఫార్వర్డ్ చేసినదాన్ని డిలీట్ చేశా. కానీ అప్పటికే ఎక్కడెక్కడికి పోయిందో ఎవరు చెప్తారు?

సంఘం షాట్

ఆ ట్రాలీ మీది షాట్ గురించి ఆలోచిస్తుంటే జహీరాబాద్ ఆడవాళ్లు గుర్తొచ్చారు. గాడ్జెట్ సైట్లలో వీళ్ల పేరు రావాల్సినంత రాలేదు.

యూట్యూబ్‌లో మొదటి వీడియో పడింది 2005 ఏప్రిల్‌లో. జూలో ఏనుగుల ముందు నిలబడి ఒక కుర్రాడు మాట్లాడిన 19 సెకన్ల క్లిప్. దానికంటే కొన్నేళ్ల ముందే, 1990ల చివర్లో, జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎక్కువమందికి చదువు రాదు. కూలికి పోయేవాళ్లు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద వాళ్లు తీసిన సినిమా వేరే దేశాల్లో కూడా చూపించారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు.

కెమెరా యాంగిల్స్‌కి వాళ్లు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి తీస్తే పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ మనుషుల్ని అట్లనే చూస్తాడు. కింది నుంచి పైకి తీస్తే బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ కింద ఒకే చాప మీద కూర్చుంటారు, ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు.

నేను ఇన్నేళ్లుగా లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అని రివ్యూల్లో రాస్తున్నా. ఆ మాటల వెనక ఇంత ఉందని నాకు ఏ కెమెరా కంపెనీ చెప్పలేదు. మా ఊరి పిలగాడు తెలియకుండా తీసింది పటేల్ షాట్. చిన్నాయన మడిలో నిలబడి సూటిగా కెమెరాలోకి చూసి మాట్లాడింది సంఘం షాట్. రెండూ తీసింది ఒకే ఫోన్, ఒకే పిలగాడు. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చింది, ఇంకోటి ఒక చిన్నపిల్లని ఏడిపించింది.

కిరాయి ఇంట్లో గొంతు

ఇంకో మాట చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్స్‌ని నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. దేశంలో దాదాపు 20 కోట్ల మంది వాడుతున్నారని అప్పట్లో అంచనా. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కానీ కూలి పనుల మధ్యలో, పొలం గట్ల మీద వీడియోలు చేసి లక్షల మంది ఫాలోవర్లని సంపాదించుకున్న మనుషులకి ఒక్క రోజులో తలుపు మూసుకుంది. దుర్గారావు లాంటి కొందరు అప్పటికే టీవీ దాకా పోయారు కాబట్టి నిలబడ్డారు. మిగతావాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఒరిజినల్ ఫైల్స్ దాచుకోని వాళ్లకైతే తమ వీడియోలే మిగల్లేదు.

యూట్యూబ్ అయినా, ఇన్‌స్టా అయినా అది మన ఇల్లు కాదు, కిరాయి ఇల్లు. యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలన్నది వాళ్ల రూల్. పెద్ద వీడియోకి యాడ్ ఆదాయంలో మనకు 55 శాతం, షార్ట్స్‌కి 45 శాతం అన్నదీ వాళ్ల లెక్కే. రేపు మారిస్తే మనల్ని అడిగి మార్చరు. కిరాయి ఇంట్లో ఉండొద్దని నేను అనను. ఊళ్లో సొంత జాగాలో టీవీ ఛానల్ పెట్టే స్తోమత మనకెక్కడిది? కానీ కిరాయి ఇంట్లో ఉన్నవాడు విలువైన కాగితాలు తన దగ్గరే పెట్టుకుంటాడు కదా. అదే తెలివి ఇక్కడా కావాలి.

మరి ఏ ఫోన్ కొనాలి?

ఇంత చెప్పాక కూడా ఇది అడగకుండా ఉండరని నాకు తెలుసు. కాబట్టి నా లెక్క ఇది.

మెగాపిక్సెల్స్ పక్కన పెట్టండి. 1080పీ వీడియోలో ఒక ఫ్రేమ్‌కి ఉండేది 20 లక్షల పిక్సెల్స్, అంటే 2 మెగాపిక్సెల్స్. 4కే అయినా 8 మెగాపిక్సెల్స్ చుట్టూనే. 108, 200 అనేవి ఫోటోల కోసం, అంతకంటే ఎక్కువ డబ్బా మీద రాసుకోవడం కోసం. ఊరి వీడియోకి 1080పీ 30 ఎఫ్‌పీఎస్ చాలు.

డబ్బులు పెట్టాలంటే మైక్ మీద పెట్టండి. కాలర్‌కి పెట్టుకునే వైర్ మైక్ కొన్ని వందల్లో దొరుకుతుంది. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే పది సెకన్లలో పైకి తోసేస్తారు. మైక్ లేకపోతే గోడ చాటు ఉంది, మా చిన్నాయన చేసినట్టు.

తర్వాత స్టోరేజ్. 1080పీలో ఒక నిమిషానికి సుమారు 130 ఎంబీ పోతుంది. 4కే అయితే 350 ఎంబీ దాకా. 64 జీబీ ఫోన్‌తో రెండు నెలల్లో ఇబ్బంది మొదలవుతుంది. 128 జీబీ తీసుకోండి, లేదా కార్డ్ స్లాట్ ఉన్నది చూడండి. వాట్సాప్‌లో పంపిన కాపీని ఒరిజినల్ అనుకోవద్దు, అది నొక్కేసిన కాపీ. అసలు ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌లోనో, హార్డ్ డిస్క్‌లోనో వేరుగా పెట్టుకోండి.

బ్యాటరీ, మీ ఊళ్లో మీ సిమ్‌కి సిగ్నల్.. ఈ రెండూ చూసుకుంటే కొనుగోలు అయిపోయినట్టే. ఉన్న ఫోన్‌లో ఇవన్నీ ఉంటే అసలు కొనొద్దు. ఈఎంఐ కట్టే టెన్షన్‌లో ఉన్నవాడికి వ్యూస్ తప్ప ఇంకేం కనపడవు. వ్యూస్ కోసం తీసే వీడియోలో ముందు పోయేది మన మాట, తర్వాత పోయేది పక్కవాడి పరువు.

ఇక అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు నేను ఇప్పుడు నన్ను నేను వేసుకునే మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఈ వీడియోలో ఉన్న మనిషిని అడిగానా? నేను నిలదీస్తున్నది నిజంగా ఆ పని చేయాల్సినవాడినేనా, లేక చేతికి దొరికినవాడినా? మా నానమ్మ ఇది చూస్తే "మనోడే" అంటదా? మూడింట్లో ఒక్కదానికి జవాబు కాదు అని వచ్చినా వీడియో డ్రాఫ్ట్‌లోనే ఉండిపోతుంది. నా డ్రాఫ్ట్‌లు ఈ మధ్య బాగానే నిండుతున్నాయి.

మా చిన్నాయన ఇప్పటికీ అదే ఫోన్ వాడుతున్నాడు. స్క్రీన్ ఒక మూలకు పగిలింది. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ లైన్‌మన్‌తో ఒక వీడియో తీస్తున్నాడు. వానాకాలం తడి చేతుల్తో స్టార్టర్లు ముట్టుకోవద్దని, ఫ్యూజు పోతే ఎవరికి వారే స్తంభం ఎక్కొద్దని ఆయన చెప్తున్నాడు. ఇద్దరూ గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఫోన్ పట్టుకున్నది అదే పిలగాడు.

ఈసారి వాడు ట్రాలీ ఎక్కలేదు. మోకాళ్ల మీద కూర్చొని, ఫోన్‌ని వాళ్ల కళ్ల ఎత్తుకి తెచ్చి తీస్తున్నాడు.